రెండు గంటల సీరియల్‌లో ఖాళీ

సీరియళ్లు రాసేవాళ్లారా, తీసేవాళ్లారా, అన్నం తింటూ చూసేవాళ్లారా, నాలుగు వందల పన్నెండు ఎపిసోడ్లు సౌదామిని అనే కోడలి నోటికాడి ముద్ద లాగేసింది మీరే. అందుకే ఆమె ఒక మంగళవారం టీవీలోంచి దిగి, బదిలీ ఉత్తర్వు చేతబట్టుకుని, కోరుట్లలో బీడీలు చేసే రుక్కవ్వ ఇంటికి వచ్చింది. ఉత్తర్వు సక్రమంగానే ఉంది. ప్రేక్షకాభిప్రాయాల అమలు శాఖ ముద్ర ఉంది, నంబరు ఉంది. కారణం అనే గడిలో రుక్కవ్వ అన్న మాటలు పొల్లుపోకుండా ఉన్నాయి: "పాపం, పొల్ల మొకం గుంజుకపోయింది. మా ఇంటికొస్తే ఇంత బువ్వ పెట్టకపోదునా."

రుక్కవ్వ ఆ మాట అన్నది నిజమే. ఒళ్లో చాట పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, టీవీతో మాట్లాడకుండా బీడీలు చేసే మనిషి ఆ వాడలో లేదు. కళ్లు ఆకు మీద, చెవులు సీరియల్ మీద, నోరు అందరి మీద. ఆ మాటలన్నీ శాఖ రాసుకుంటుందనీ, వరుస వచ్చినప్పుడు అమలు చేస్తుందనీ అందరికీ తెలుసు. పక్కింటి జమున ఒక సినిమా హీరోను చూసి "వీన్ని నాలుగు తన్నాలె" అంటే, మరుసటి వారమే అతను వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. జమున నాలుగు తన్నింది. అతను రసీదు మీద వేలిముద్ర వేయించుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. సైకిల్ షాపు ఎల్లయ్య "ఈ సినిమాల అర్ధగంట కోసేస్తే మంచిగుండు" అన్నాడు. అప్పటినుంచి అతని రోజులో పదకొండు నుంచి పదకొండున్నర దాకా ఉండే అర్ధగంట ఉండదు. పెద్ద ఇబ్బందేమీ లేదంటాడు.

రుక్కవ్వ మాట మీద నిలబడే మనిషి. దొడ్డుబియ్యం అన్నం, పచ్చిపులుసు పెట్టింది. సౌదామిని ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి, ఆగి గుమ్మం వైపు చూసింది. ఎవరో ఒకరు వచ్చి పళ్లెం తన్నాలి కదా. ఒక మేక వచ్చి, తొంగిచూసి పోయింది.

"తినొచ్చా అండీ?"

"తినకుంటే కోళ్లకేస్త. తిను. ఆ నగలు అవతల పెట్టు, మెడ వంగిపోతున్నది."

సౌదామిని మింగింది. రెండు చేతులూ ఎత్తి మొక్కింది. రుక్కవ్వకు సిగ్గేసింది. "అన్నానికి దండమేంది పొల్లా! ఇంకింత పులుసు పోసుకో."

వారంలో ఆమెకు బీడీ చుట్టడం వచ్చేసింది. ఒకటే చిక్కు. ఎవరేం చెప్పినా ఆమె తల మూడుసార్లు గిర్రున తిరిగేది. "దారం అయిపోయింది" అన్నా మూడుసార్లే. పెట్టిన తిండికి అది కూడా మెల్లగా ఒకసారికి తగ్గింది. అండీ గిండీ మానేసి "అవ్వా" అనడం నేర్చింది. ఒకరోజు అడిగింది: "అవ్వా, నీకా దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

ఆ దగ్గు పదకొండేళ్లది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. "తంబాకు దుమ్ము బిడ్డా, అందరికుంటది" అంది రుక్కవ్వ. అడిగినందుకు మాత్రం ఆ పూట పిల్లకు గుడ్డు వండి పెట్టింది.

అక్కడ మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చే సీరియల్ ఆగలేదు. అత్తగారు ఖాళీ కుర్చీని తిట్టింది. ఆడపడుచు ఖాళీ పీట ముందున్న పళ్లెం తన్నింది. చూసేవాళ్లకు తేడా తెలియలేదు. శాఖకు తెలిసింది. తనిఖీ అధికారి ఫణిభూషణం నోటీసు పట్టుకుని వచ్చాడు.

"పందొమ్మిది ఎపిసోడ్లుగా ఆ ఇంట్లో బాధపడేవాళ్లు లేరమ్మా. నిబంధన ప్రకారం ఈమెను వెనక్కి పంపాలి. లేదంటే ఈ ఇంట్లోంచే ఇంకొకరిని ఇవ్వాలి."

"పంపితే పొల్లకు అన్నం పెడ్తరా?"

ఆయన కాగితాలు తిరగేశాడు. "వచ్చే దసరాకు ఒక పాయసం ఉంది. అందులో విషం కలుపుతారు."

సౌదామిని లేచి నగలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. "నేను పోతానవ్వా. ఇన్ని పూటలు తిన్న కోడలు ఏ సీరియల్‌లోనూ లేదు. అది చాలు నాకు."

"కూసో" అంది రుక్కవ్వ. "సారూ, నా పేరు రాసుకో."

"మీకు ఏడవడం వచ్చా?"

"మా ఇంటాయన పోయిన నాడు గుడ రాలే. తెల్లారి బీడీలు అప్పజెప్పేదుండె."

"మరేం వచ్చు?"

రుక్కవ్వ జవాబు చెప్పబోయి దగ్గింది. నిమిషం పాటు దగ్గింది. ఫణిభూషణం గడియారం చూసుకుని, ప్రత్యేక నైపుణ్యం అనే గడి నింపాడు.

సోమవారం ఇంట్లో కెమెరా బిగించారు. రెండు గంటలకు రుక్కవ్వ కూర్చుని బీడీలు చేస్తుంది, దగ్గుతుంది, రెండున్నరకు అయిపోతుంది. అభిప్రాయాలు కుప్పలుగా వచ్చాయి. దగ్గు బాగా చేసింది. చాలా సహజంగా ఉంది. కొంగుకు అంటిన నెత్తురు రంగు కాస్త పలచన. చివర్లో దగ్గు తగ్గింది, ఇంకొంచెం ఉండాల్సింది. ఎవరూ పగబట్టి అన్నవి కావు. ఉల్లిపాయలు తరుగుతూ, ఫోను చూసుకుంటూ అన్నవి. శాఖ అన్నిటినీ రాసుకుంది. ఇంకొంచెం ఉండాలన్నారు గనుక, బీడీల కార్ఖానాకు చెప్పి గురువారం నుంచి రుక్కవ్వకు తంబాకు రెట్టింపు పంపించింది.

జమున గోడమీంచి అంది: "టీవీల మస్తు దగ్గుతున్నవు రుక్కక్కా! ఇంటికాడ ఇంత మంచిగ లేకుండె."

"వాళ్ల దయనే జమునా" అంది రుక్కవ్వ. నిజంగానే అంది. "ఇన్నేండ్లకు నా దగ్గు ఇనేటోళ్లు దొరికిండ్రు. పనులిడిసిపెట్టి చూస్తున్నరు. సల్లగుండాలె. నా పొల్ల ఇంట్లనే తింటున్నది, ఇంకేం గావాలె నాకు?"

శుక్రవారం ఎపిసోడ్ మధ్యలో ఆమె చాట మీదికి ఒరిగిపోయింది. సౌదామిని పరుగెత్తుకొచ్చి ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. కెమెరా వైపు చూసి అరిచింది: "ఇది నటన కాదండీ! మా అవ్వను దవాఖానకు తీసుకెళ్లండి!" పాత కోడలు తిరిగి వచ్చినందుకు ప్రేక్షకులు సంతోషించారు. ఆ డైలాగు గుండెను పిండేసిందని అభిప్రాయపడ్డారు. మళ్లీ చూపించమన్నారు. శాఖ శనివారం మళ్లీ చూపించింది. ఒరగడం కూడా మళ్లీ చేయించింది.

చూసేవాళ్లారా, బాగుందనడం ఆపండి. కంచం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని లేవండి. బండి తీసుకుని కోరుట్లకు రండి. రుక్కవ్వకు ఇంకా ఊపిరి ఆడుతోంది. ఇవాళే, రెండు గంటల ఎపిసోడ్ మొదలుకాకముందే, ఆమెను దవాఖానలో చేర్చండి.