గోడకు తిరిగిన తొమ్మిది మంది

ఆ రోజు సెలవు. పొద్దున్నే లేచిన పళ్ల మేస్త్రి పెద్ద పథకాలేమీ వేసుకోలేదు. కాఫీ తాగాలి, స్నానం చేయాలి, మధ్యాహ్నం భోజనంలోపు సేనాపతికి తల పెట్టాలి, అంతే.

పళ్ల మేస్త్రి అంటే పళ్ల డాక్టరు కాదు. డాక్టర్లు పంపే అచ్చులను బట్టి కట్టుడు పళ్ల సెట్లు తయారుచేసే మనిషి. రోజంతా ఒక ఇరుకు గదిలో, మైనం వాసన మధ్య, తానెన్నడూ చూడని నోళ్లకు పళ్లు అమరుస్తూ ఉంటాడు. సన్నటి పనికి అలవాటు పడిన చేతులు సెలవు రోజున ఊరికే ఉండవు. పదేళ్ల కిందట ఒక రోబో సైనికుడి బొమ్మ డబ్బా కొన్నాడు. మూడు వందల ముక్కలు. ఒక్కొక్కటీ గీకి, బిగించి, రంగు వేసి నిలబెట్టేసరికి అది అతని నడుమెత్తు వచ్చింది. ఒంటరిగా ఉన్నాడు పాపం అనిపించి రెండోవాణ్ని తెచ్చాడు. అలా పాపం అనిపిస్తూనే తొమ్మిది మంది అయ్యారు.

వాళ్లు ముందు గదిలో కిటికీ వైపు చూస్తూ వరసగా నిలబడి ఉంటారు. బూడిద రంగు కవచాలు. ముఖం ఉండాల్సిన చోట నున్నటి నల్లటి పలక. ఎదురుగా ఎవరైనా కదిలితే ఆ పలక వెనక రెండు ఎర్రటి కళ్లు వెలుగుతాయి. పదోవాడు సేనాపతి. వాడిది మనిషెత్తు. ఏడాదిగా నెలకో డబ్బా చొప్పున వస్తున్నాడు. మొదట పాదాలు, తర్వాత మోకాళ్లు, ఛాతీ, చేతులు. చివరి డబ్బాలో తల నిన్న సాయంత్రమే వచ్చింది.

అదే ముందు గదిలో నాలుగు రోజులుగా అత్తగారు కూడా ఉంటున్నారు. కంటి ఆపరేషన్ అయింది, చూసుకోవడానికి దగ్గర ఎవరైనా ఉండాలని కూతురు తీసుకొచ్చింది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, తక్కువ మాట్లాడుతూ, మంచం మీద కూర్చుని ఉంటారావిడ. అల్లుడితో నేరుగా మాట్లాడటం ఇద్దరికీ మొహమాటమే. ఆవిడ ఏదైనా చెప్పాలంటే కూతురికి చెబుతారు. అతను ఏదైనా అడగాలంటే భార్యను అడుగుతాడు.

అత్తగారు వచ్చిన మర్నాటి నుంచి అతనికి ఒక చిన్న అనుమానం పట్టుకుంది. తన సైనికులు తను నిలబెట్టిన చోట లేరు. ఒకడు వేలెడు పక్కకు జరిగాడు, ఇంకొకడి భుజం కాస్త వంకరగా ఉంది. వేరేవాళ్లకు తెలియదు. చిగురుకూ పంటికీ మధ్య వెంట్రుకవాసి సందు పట్టుకునే కళ్లకు తెలుస్తుంది. వీధిలో లారీలు పోతే నేల అదురుతుంది కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఆ పొద్దున అలా సర్దిచెప్పుకోవడానికి వీల్లేకపోయింది. అత్తగారు స్నానాల గదిలో ఉన్నారు. కాఫీ గ్లాసుతో ముందు గదిలోకి తొంగిచూస్తే తొమ్మిది మందీ గోడకు తిరిగి నిలబడి ఉన్నారు. ముక్కు ఉంటే ముక్కు గోడకు తగిలేంత దగ్గరగా. తప్పు చేసిన పిల్లల్లా కాదు, గోడ అవతల ఏదో వినబడుతున్నట్టు.

వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్కణ్నీ ఎత్తి కిటికీ వైపు తిప్పాడు. భార్యను మాత్రం మామూలుగా, రాత్రి ముందు గది ఎవరైనా ఊడ్చారా అని అడిగాడు. లేదంది. రెండు రోజుల కిందట ఆమె, ఇంట్లో మనుషులకన్నా మీ వాళ్లే ఎక్కువైపోయారు అని ఒక మాట అని ఉంది. ఇప్పుడు వాళ్లు తిరుగుతున్నారని చెబితే ఏమంటుందో ఊహించుకుని, ఇంకేమీ అడగకుండా స్నానానికి వెళ్లిపోయాడు.

తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి చేతిలో తువ్వాలు ఆగిపోయింది. ముందు గది తలుపు తెరిచి ఉంది. తొమ్మిది మందీ ఇప్పుడు ఇంటి లోపలికి తిరిగి, గుమ్మంలోంచి అతన్నే చూస్తున్నారు. అతను ఒక అడుగు పక్కకు వేశాడు. పద్దెనిమిది ఎర్రటి కళ్లు ఒక్కసారిగా వెలిగాయి.

భయపడ్డానని ఒప్పుకోవడానికి అతని మనసు ఒప్పలేదు. యంత్రం అన్నాక ఎక్కడో ఒక లోపం ఉంటుంది, విద్యుత్తు తీసేస్తే లోపం ఉండదు, అనుకున్నాడు. అత్తగారు బాల్కనీలో కూర్చుని ఉండగా గదిలోకి దూరి, ఒక్కొక్కడి మెడ వెనక మూత విప్పి బ్యాటరీలన్నీ తీసేశాడు. చేతి రుమాలులో మూటగట్టి జేబులో వేసుకున్నాడు. అప్పటికి కాస్త ధైర్యం వచ్చి, పడకగదిలో కూర్చుని సేనాపతి తలకు రంగు దిద్దడం మొదలుపెట్టాడు.

గంట తర్వాత, ఆరిందో లేదో చూసుకుంటూ, ఆ తలను రెండు చేతులతో పట్టుకుని ముందు గదికి వచ్చాడు. గుమ్మంలో కాలు పెట్టాడు. పద్దెనిమిది కళ్లు వెలిగాయి. పొద్దుటికన్నా ప్రకాశంగా వెలిగాయి.

తల చేతుల్లోంచి జారి కిందపడింది. దవడ దగ్గర వేలెడు చీలిక. అతను తలను చూడలేదు. జేబు తడుముకున్నాడు. బ్యాటరీలు అక్కడే, రుమాలులో, వెచ్చగా ఉన్నాయి.

ఇలాంటి సంగతి చెప్పుకోదగిన మనిషి ఆ భవనంలో ఒక్కడే. కింది అంతస్తులో ఉండే లిఫ్టు మెకానిక్. అతని ఇంట్లోనూ ఇలాంటి సైనికులు నలుగురు ఉన్నారు. ఫోన్ చేయగానే పనిముట్ల సంచీతో సహా వచ్చాడు. జరిగిందంతా చెవిలో విని, బ్యాటరీలు చేతిలోకి తీసుకుని లెక్కపెట్టి, సైనికుల చుట్టూ ఒకసారి తిరిగి, తల లేని సేనాపతి ముందు ఆగాడు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మేస్త్రీ, వీణ్ని ఎన్నాళ్ల నుంచి తల లేకుండా నిలబెట్టావు?"

"మొండెం పూర్తయి నెల రోజులు."

"అదీ సంగతి. వీళ్లకు ఆజ్ఞ ఇచ్చేవాడు లేడు. ఇక వాళ్లకు తోచింది వాళ్లు చేస్తున్నారు."

పగలు పదకొండు గంటలకు, నిండు వెలుతురులో, నలభై దాటిన రెండు బుర్రలకు ఈ మాట చాలా సబబుగా తోచింది. మెకానిక్ సంచీలోంచి సుద్దముక్క తీసి, పద్దెనిమిది పాదాల చుట్టూ గీతలు గీశాడు. గది మూసి బయట కాపలా కూర్చుందాం, గీత దాటితే తేలిపోతుంది, అన్నాడు. మేస్త్రి భార్య అప్పటికే కూరగాయలకని సంచీ పుచ్చుకుని వెళ్లింది. ఇద్దరూ తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా కుర్చీలు వేసుకున్నారు.

అయిదు నిమిషాలు కాలేదు. అత్తగారు బాల్కనీలోంచి గోడ పట్టుకుంటూ వచ్చి, వాళ్లిద్దరి మధ్యలోంచి గదిలోకి వెళ్లి, లోపల గడియ వేసుకున్నారు. ఆవిడ గదిలోకి ఆవిడను వెళ్లవద్దని ఎలా చెబుతారు? ఏమని చెబుతారు? మేస్త్రి లేవబోయి కూర్చున్నాడు.

లోపల కొంతసేపు చప్పుడు లేదు. తర్వాత మొదలైంది. నేల మీద ప్లాస్టిక్ పాదం ఈడ్చుకుపోతున్న చప్పుడు. సర్ర్. ఆగింది. మళ్లీ సర్ర్. మెకానిక్ వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. మూడు. నాలుగు. ఎనిమిదో చప్పుడు తర్వాత లోపలి నుంచి ఒక చిన్న మూలుగు వినిపించింది.

"అత్తయ్యా," అన్నాడు మేస్త్రి.

జవాబు లేదు. తలుపు తట్టాడు. ఈడ్పు చప్పుడు ఆగిపోయింది. తలుపు కింది సందులోంచి నీడలు కదిలి, కదలడం మానేశాయి. ఈ నాలుగు రోజుల్లో ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడలేదన్న సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది. కన్ను సరిగా కనబడని పెద్దమనిషిని ఆ తొమ్మిది మంది మధ్య పడుకోనిచ్చింది తనే.

"అత్తయ్యా, ఒక్కసారి పలకండి చాలు."

పలకలేదు. మెకానిక్ సంచీ తెరిచాడు. వృత్తి రీత్యా ఇరుక్కున్న తలుపులు తీయడంలో అతనిది అందె వేసిన చెయ్యి. రెండు బందులూ విప్పడానికి నిమిషంన్నర పట్టింది. తలుపు గదిలోకి వాలి, మంచం కోడుకు తగిలి, దభేలుమని నేలమీద పడింది.

ఎనిమిది మంది గోడకు తిరిగి నిలబడి ఉన్నారు. గది మధ్యలో, మెడ దాకా దుప్పటి చుట్టుకుని, నల్లకళ్లద్దాలతో, తొమ్మిదోవాణ్ని నడుం పట్టుకుని ఎత్తుతూ అత్తగారు నిలబడి ఉన్నారు. దుప్పటి కదిలిందని వాడి కళ్లు వెలుగుతున్నాయి.

"ఇంకొక్కడు మిగిలాడు బాబూ," అన్నారావిడ. "కాసేపు ఆగలేకపోయారా?"

మగవాళ్లిద్దరూ వెంటనే ఇటు తిరిగిపోయారు. ఆ సమయానికి కూరగాయల సంచీతో మేస్త్రి భార్య గుమ్మంలోకి వచ్చింది. ఊడిపడిన తలుపు, దుప్పటిలో తల్లి, నేల మీద పాదాల గుర్తులు, ఎదుటి గోడకు ముఖాలు పెట్టుకుని నిలబడిన మొగుడూ మెకానిక్కూ. సంచీ కింద పెట్టి, ఎవరు ముందు చెబుతారని అడిగింది.

ముందు తల్లే చెప్పింది. స్నానాల గదిలో తడికి జారతానని భయం, అందుకని బట్టలు ఈ గదిలోనే మార్చుకుంటున్నది. కానీ వీళ్లు చూస్తున్నారు.

"బొమ్మలే అమ్మా," అంది కూతురు.

"బొమ్మలైతే కళ్లెందుకు వెలుగుతాయే? అంతమంది మగాళ్ల ముందు ఎలా మార్చుకోను? గోడకు తిప్పుకుని, పనయ్యాక మళ్లీ ఎలా ఉన్నవాళ్లను అలా పెట్టేదాన్ని. నిన్న రాత్రి తిప్పి, అలాగే నిద్రపోయాను. పొద్దున స్నానమయ్యాక మళ్లీ తిప్పాను, ఓపిక లేక వదిలేశాను. ఇప్పుడు బాల్కనీలో మంచినీళ్లు ఒలికి చీరంతా తడిసింది, దుప్పటి చుట్టుకుని మళ్లీ తిప్పుతున్నాను. అల్లుడికి చెబితే మనసు కష్టపెట్టుకుంటాడేమోనని చెప్పలేదు."

తలుపు కొడితే ఎందుకు పలకలేదని మెకానిక్ గోడ వైపు నుంచే అడిగాడు. దుప్పటి చుట్టుకుని అల్లుడితో ఏం మాట్లాడమంటావని ఆవిడ తిరిగి అడిగారు.

"మరి సేనాపతిని ఎందుకు తిప్పలేదు?" మేస్త్రి ఉండబట్టలేక అడిగాడు. జీవితంలో అత్తగారిని నేరుగా అడిగిన మొదటి ప్రశ్న అది.

"వాడికి తల లేదు కదా బాబూ. వాడితో ఇబ్బంది లేదు."

మిగిలిన సంగతి భార్య చెప్పింది. మొగుడు స్నానానికి వెళ్లినప్పుడు ఆమె గది ఊడవడానికి వచ్చింది. తొమ్మిది మందీ గోడకు తిరిగి ఉన్నారు. తను అన్న మాటకు నొచ్చుకుని మొగుడే వాళ్లను అలా దండించాడనుకుంది. భోజనం బల్ల దగ్గర కూర్చుంటే అతనికి కనబడేలా లోపలికి తిప్పింది. తర్వాత చూస్తే కళ్లు వెలగడం లేదు. బ్యాటరీలు కూడా పీకేశాడంటే ఎంత బాధపడి ఉంటాడో అనుకుని, వంటింటి సొరుగులో ఉన్న కొత్తవి తెచ్చి వేసింది.

"ఒక్క మాట నన్ను అడిగి ఉండొచ్చుగా," అన్నాడు మేస్త్రి.

"మీరు నన్ను అడిగారా?"

అప్పుడే ఆమెకు తల్లి కన్ను గుర్తొచ్చింది. వంగకూడదు, బరువెత్తకూడదు అని డాక్టరు రెండుసార్లు చెప్పి పంపాడు. నాలుగు రోజులుగా ఆవిడ పూటకు తొమ్మిది మందిని ఎత్తి తిప్పి, మళ్లీ ఎత్తి తిప్పుతున్నారు. మెకానిక్ తలుపు బిగించడానికి ఆగిపోయాడు. మిగతా ముగ్గురూ ఆస్పత్రికి పరుగెత్తారు. దారంతా మేస్త్రి అత్తగారి చెయ్యి వదల్లేదు. మొహమాటం సంగతి ఇద్దరికీ జ్ఞాపకం రాలేదు. ఆ కన్ను పోతే ఈ తొమ్మిది మందినీ ఏ ముఖంతో చూడాలో అతనికి తెలియలేదు.

కంటి డాక్టరు ఆవిడ గడ్డం ఆనించి, దీపం వేసి చాలాసేపు చూశాడు. కన్ను చెక్కుచెదరలేదన్నాడు. అదృష్టం బాగుండి కుట్లు గట్టిగా ఉన్నాయి. ఏం బరువు ఎత్తారని అడిగితే ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన ఇంకొకసారి చెప్పించుకుని విని, చీటీ మీద చుక్కల మందు కింద, "సైనికులను ఎత్తరాదు" అని రాసిచ్చాడు.

సాయంత్రం మేస్త్రి దవడ చీలికను పళ్ల సెట్ల జిగురుతో అతికించాడు. తల పెట్టకుండానే సొరుగులో దాచబోతుంటే అత్తగారు చూశారు. పెట్టమన్నారు. పెట్టాక దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు పైకెత్తి, ఆ నల్లటి పలకను తడిమి చూశారు.

"వీడికి నోరు లేదేం పాపం? నీ చేతిలో పనే కదా."

పదేళ్లలో తన సైనికుల గురించి ఇంట్లోవాళ్లు శ్రద్ధగా అడిగిన మొదటి మాట అది. ఆలోచిస్తానన్నాడు.

మర్నాడే గదికి అడ్డంగా కడ్డీ బిగించి, నేలదాకా జారే మందపాటి తెర వేయించాడు. ఇటు మంచం, అటు పది మంది. అందరూ నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నారు. మూడో రోజు పొద్దున అత్తగారు ఉబ్బిన ముఖంతో కాఫీకి వచ్చి, నిద్ర పట్టడం లేదన్నారు.

"ముందు ఎదురుగా కనబడేవాళ్లు. ఇప్పుడు తెర వెనక ఏం చేస్తున్నారో తెలియడం లేదు."

ఆ మాట విన్నాక మేస్త్రికీ నిద్ర పట్టలేదు, అతని భార్యకూ పట్టలేదు. తెర తీసేశారు. ఇప్పుడు ఆవిడ బట్టలు మార్చుకోవడానికి పడకగదిలోకి వెళుతున్నారు. ఇంట్లో ఇంకో గది ఉందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.