నాగాయలంక లాంచీలో దగ్గు మందు

"లాంచీ మునిగితే ఎట్లారా?"

గంగాదేవి ఈ ప్రశ్న వేసే వేళకు లాంచీ ఇంకా కుదరలేదు. లాంచీ మాట్లాడితే బాగుంటుందన్న ఆలోచన మాత్రమే ఆ మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో పుట్టింది. కొడుకు నరసింహం సైకిలుకు స్టాండు వేసి, కాళ్ళు కడుక్కుంటూ ఆ ముక్క చెప్పాడు. చెంబులో నీళ్ళు అయిపోయేలోపలే ఆమె లాంచీని ముంచింది, కొడుకు కోసం వలలు వేయించింది, దొరకలేదని కళ్ళు కూడా ఒత్తుకుంది.

"ఏ లాంచీయో కూడా ఇంకా తెలీదే అమ్మా!"

"తెలీకపోతే మరీ భయం కదరా."

పేరు గంగాదేవే గాని ఆవిడకు నీళ్ళంటే హడలు. బావిలో చేద వేసేటప్పుడు కూడా ఒక చెయ్యి గిలక స్తంభం మీదనే ఉంటుంది. కాపురం బందరు ఈడేపల్లిలో. చదువు నాలుగో తరగతి. ఉద్యోగం భయపడటం. నరసింహం పుట్టిన దగ్గర్నుంచి, అంటే ఇరవై ఆరేళ్ళుగా, ఈ ఉద్యోగానికి ఆవిడ ఒక్క పూట సెలవు పెట్టి ఎరగదు. గుడివాడ వెళ్ళిన బస్సు పావుగంట ఆలస్యమైతే చాలు, దాన్ని గుడ్లవల్లేరు కాలవలో పడేసేది. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చి వెళ్ళాక మాత్రం వీధివాళ్ళు ఆవిడను కొంచెం మర్యాదగా చూడటం మొదలుపెట్టారు. అప్పటినుంచి ఆవిడ భయానికి అనుభవం కూడా తోడైంది.

ఇక లాంచీ సంగతి. నరసింహం గుమాస్తాగా ఉన్న తీర సహకార సంఘానికి పైనుంచి ఒక ఉత్తరువు దిగింది. మద్యపాన వ్యతిరేక వారోత్సవం జరపవలెననీ, లంక గ్రామాల ప్రజలలో చైతన్యం కలిగించవలెననీ, కలిగినట్టు నివేదిక పంపవలెననీ అందులో ఉంది. చైతన్యం కలిగించాలంటే ముందు అక్కడికి వెళ్ళాలి. వెళ్ళాలంటే కృష్ణలో పడి వెళ్ళాలి. పడకుండా వెళ్ళాలంటే లాంచీ కావాలి. ఇంత చక్కగా ఆలోచించగలవారు గనకనే ధనరాజు గారు పన్నెండేళ్ళుగా సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు.

ఉత్తరువు చివర ఇంకో వాక్యం ఉంది. వారోత్సవంలో మద్యంతో పట్టుబడిన ఉద్యోగి తాత్కాలికుడైతే తక్షణం తొలగించవలెను. పర్మినెంటు అయితే వివరణ కోరవలెను.

నరసింహం నాలుగేళ్ళుగా తాత్కాలికుడు. యాత్ర నుంచి తిరిగొచ్చాక జరిగే మీటింగులో అతన్ని పర్మినెంటు చేసే విషయం తొమ్మిదో అంశంగా ఉంది. నాలుగేళ్ళుగా అది తొమ్మిదో అంశంగానే ఉంది. ఎనిమిదో అంశం కాగానే టిఫిను వస్తుంది. ఈసారి ధనరాజు గారు స్వయంగా మాట ఇచ్చారు.

గంగాదేవి ఇంట్లో తాగేవాళ్ళు లేరు. సీసా మాత్రం ఉంది. ఇందులో వింతేమీ లేదు, మీ ఇంట్లోనూ ఉంటుంది, ఆవకాయ జాడీ వెనక చూసుకోండి. నరసింహం నెలల పిల్లాడుగా ఉన్నప్పుడు పడిశం పట్టి ఎగపోస్తుంటే కాంపౌండరు ఒక చెంచా బ్రాందీ పట్టమన్నాడు. పిల్లాడు బతికాడు. ఆనాటినుంచి ఆ ఇంట్లో బ్రాందీ బ్రాందీ కాకుండా పోయింది. సీసా మీద ఆవిడే స్వహస్తంతో 'దగ్గు మందు' అని రాసి అంటించింది. అయిపోతే కొత్తది వస్తుంది, కాగితం మాత్రం అదే.

ప్రయాణం నాటి తెల్లవారుజామున ఆవిడ ఆ సీసాను తువాల్లో చుట్టి కొడుకు సంచి అడుగున దాచింది. కొడుక్కి చెప్పలేదు. చెబితే వద్దంటాడు, వద్దంటే గాలి తగులుతుంది, గాలి తగిలితే ఏమవుతుందో చివరి కర్మకాండదాకా ఆవిడ ఆలోచించి పెట్టుకుంది.

కొడుకును సాగనంపడానికి ఆఫీసుదాకా వెళ్ళింది. బస్సు టాపు మీదకు సంచులన్నీ ఎక్కించాక ధనరాజు గారు మైకు అందుకున్నారు.

"నాగాయలంక రేవులో ప్రతి ఒక్కరినీ సోదా చేయడం జరుగుతుంది! సీసా దొరికినవాడు నా సొంత తమ్ముడైనా క్షమించను!"

ఆయనకు తమ్ముళ్ళు లేరు. అయినా గంగాదేవి సంచి కోసం పరిగెత్తింది. సంచి చూస్తే టాపు మీద, ఇరవై సంచుల కింద. ఆవిడ మారు మాట్లాడకుండా బస్సెక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికే?" అన్నాడు నరసింహం.

"మునిగితే ఇద్దరం మునుగుదాం."

ధనరాజు గారు మాత్రం చాలా సంతోషించారు. "రండి పిన్నిగారూ, రండి! మహిళలు పాల్గొనవలెను అని ఉత్తరువులో ఉంది. మహిళలంటే బహువచనం. ఇందాకటినుంచీ మా విజయకుమారి గారు ఏకవచనంగా బాధపడుతున్నారు." విజయకుమారి గారు సంగీతం టీచరు. హార్మోనియం పెట్టెను ఒళ్ళోనుంచి దించకుండా, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నారు. కళ పట్ల అంత మమకారం.

రేవులో సోదా కట్టుదిట్టంగా జరిగింది. ముందుగా సభ్యులు ఇరవై ఇద్దరూ, వారి వెనక నరసింహమూ కుడిచెయ్యి చాచి, తాగమనీ, తాగనివ్వమనీ, తాగేవాళ్ళ పక్కన కూర్చోమనీ ప్రమాణం చేశారు. ప్రమాణం చేసినవారి సంచులు వెతకడం ప్రమాణాన్ని అవమానించడమే గనక వారిని వదిలిపెట్టారు. గంగాదేవిని చూసి, పెద్దావిడ, బుట్టలో పులిహోర ఉందని వాసనే చెబుతోందని ఆమెనూ వదిలిపెట్టారు. ఇక మిగిలింది లాంచీ నడిపే సరంగు నాగుల్ మీరా. పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టని ఆ మనిషి నోటిని ముగ్గురు సభ్యులు వంతులవారీగా వాసన చూశారు. జేబులో అరకట్ట బీడీలు దొరికాయి. సోదా విజయవంతమైందని మైకులో ప్రకటించారు.

గంగాదేవికి ప్రాణం లేచొచ్చింది గాని ఎక్కువసేపు నిలవలేదు. లాంచీ ఒంటికి తెల్లరంగుతో ఒక గీత ఉంది. ఆ గీత నీళ్ళ పైన కనపడుతున్నంతవరకు భయం లేదని రేవులో ఎవరో అనగా విన్నది. మనుషులు ఎక్కకముందే, సామాను ఎక్కించేసరికే ఆ గీత మాయమైంది.

"బాబూ, గీత ఏదీ?" అంది సరంగుతో.

"నేనూ అదే చూస్తున్నానమ్మా. కరపత్రాలు, మైకుసెట్టు, హార్మోనియం అన్నారు. కాగితం ఇంత బరువుంటదని నాకు తెలీదు."

ధనరాజు గారు నవ్వారు. "అందులో ఉన్నది విజ్ఞానం, మీరా! బరువుండదా మరి?"

లాంచీ కదిలింది. విజయకుమారి గారు మద్యాసురుని మీద పాట అందుకున్నారు. హార్మోనియంలో కొన్ని మెట్లు నొక్కితే స్వరానికి బదులు గాజు మీద గాజు తగిలిన చప్పుడు వచ్చింది. ధనరాజు గారి ఉపన్యాసం మైకు గొట్టంలోంచి గుడగుడమంటూ బయటికొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. వింతగా ఉందని ఏ ఒక్కరూ అనుకోలేదు. సమష్టి జీవనమంటే అదే కదా.

ఆ చప్పట్ల సందట్లో గంగాదేవి కొడుకు సంచి దగ్గరికి జరిగి చెయ్యి పెట్టింది. సీసా తగిలింది, తీసింది. తువాలు సర్దుదామని మళ్ళీ చెయ్యి పెడితే ఇంకో సీసా తగిలింది. దాని పక్కన మూడోది. ఆవిడ పెట్టింది ఒకటే. సీసాలు పిల్లల్ని పెడతాయని ఆవిడ ఎక్కడా వినలేదు. పైగా ఆ రెండూ తల్లి కంటే పెద్దవి. బంగారు అక్షరాలు, విప్పని సీళ్ళు.

తన కొడుకు తాగడు. ఆ సంగతి ఆవిడకు ఎలా తెలుసంటే, వాడు తన కొడుకు.

నరసింహం గబగబా వచ్చి పక్కన కూలబడ్డాడు. "అమ్మా, అవి ముట్టుకోకు. ప్రెసిడెంటు గారివి. నా సంచిలో ఉంటే దొరికినా పోయేది తాత్కాలికపు ఉద్యోగమే కదా అని నాకిచ్చారు." అంటూనే చూశాడు. "ఈ మూడోది ఎవరిదే?"

"నీ దగ్గుకిరా."

"నాకు దగ్గెక్కడుందే?"

"వస్తే?"

ఈ ప్రశ్నను నరసింహం ఇరవై ఆరేళ్ళుగా వింటున్నాడు. గంగాదేవి మూడు సీసాలనూ తన తాటాకు బుట్టలో, పులిహోర కింద పెట్టుకుంది. "దొరికితే నేను దొరుకుతాను. నన్ను ఏ ఉద్యోగంలోంచి తీస్తారు?"

వెళ్ళవలసిన ఎదురుమొండి లంక ఇంకా దూరంగా కనబడుతూ ఉండగానే లాంచీ కింద బరబరమని చప్పుడైంది. ఇసుక మేట మీద కూర్చుంది. నాగుల్ మీరా గెడతో లోతు చూసి, ముందుకు తోశాడు, వెనక్కి తోశాడు, తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"పాటు తీస్తోందండీ, నీళ్ళు వెనక్కి పోతున్నాయి. ఈ పావుగంటలో ముప్ఫై మణుగుల బరువు తగ్గితే లేచి బయటపడతాం. లేదంటే సాయంత్రం పోటు వచ్చేదాకా ఇక్కడే. గాలి కూడా తిరుగుతోంది. పోటూ గాలీ కలిసి పక్కనుంచి కొడితే లాంచీ ఒరుగుద్దండీ. అబద్ధం చెప్పను."

ఈ మాట గంగాదేవికి కొత్త కాదు. వారం రోజులుగా ఆవిడ రోజూ వింటున్నదే, తన నోటినుంచి.

అక్కడికక్కడే అత్యవసర సమావేశం జరిగింది. బరువు తగ్గించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మొట్టమొదట మంచినీళ్ళ పీపా ఏట్లోకి వెళ్ళింది. అది లేకపోతే దాహానికి ఎలా అని ఒక్క సభ్యుడూ అడగలేదు. తర్వాత కుర్చీలు, ఆ తర్వాత అన్నం గంపలు.

"కరపత్రాల కట్టలు వేయండి, అవేగా బరువు!" అన్నాడు సరంగు.

ఒక్కసారిగా సభ్యులందరూ కట్టల మీద బోర్లా పడ్డారు. ప్రాణం పోయినా సరే ఆశయాలను నీటిపాలు కానివ్వమన్నారు. ఆశయాల మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళను ఆ ఏరు అంతకుముందు చూసి ఉండదు. కోశాధికారి గారైతే కట్టను రెండు చేతులా వాటేసుకుని, ముందు మహిళలు దిగితే ఎలా ఉంటుందో ఆలోచించమన్నారు. ఏ మంచి పనికైనా ముందు ఆడవాళ్ళను పెట్టడం మన సంప్రదాయమట. దిగినవాళ్ళు ఒండులో నడుం దాకా కూరుకుపోతారని సరంగు అడ్డుపడ్డాడు గనక సంప్రదాయం అంతటితో ఆగింది.

"సామాన్లలో ఇంకేమున్నాయో చెప్పండి బాబులూ. పొద్దు పోతోంది."

సభ్యులు కట్టలను ఇంకా గట్టిగా వాటేసుకున్నారు. గంగాదేవి తన జీవితంలో ఎన్ని రకాల చావులు ఊహించినా, సీసాలున్నాయని చెప్పడానికి సిగ్గుపడి చావడం ఊహించలేదు. చెబితే కొడుకు ఉద్యోగం. చెప్పకపోతే కొడుకు. ఆవిడ లేచి నిలబడి, పక్కనున్న ఇనుపకమ్మీ పట్టుకుంది.

"బాబుగారూ, నా బుట్టలో మూడు సీసాలున్నాయి. నావే. మావాడికేం తెలీదు."

లాంచీ అంతా ముక్కున వేలేసుకుంది. ధనరాజు గారు మైకు అందుకున్నారు. "సోదరులారా! చూశారా ఈ మహమ్మారి ఎంతదాకా వచ్చిందో! పూజింపదగిన మాతృమూర్తుల బుట్టల్లోకి, పవిత్రమైన పులిహోర కిందికి..." ఇంతలో గంగాదేవి సీసాలు పైకెత్తింది. బంగారు అక్షరాలు ఎండలో తళుక్కుమన్నాయి. అధ్యక్షులవారి వాక్యం మధ్యలో నిలబడిపోయింది. ఆయన కాసేపు ఆ రెండింటినీ చూశారు. తర్వాత మూడోదాన్నీ, దాని మీద అంటించిన కాగితాన్నీ చూశారు.

"...ప్రవేశించలేదని మనవి చేస్తున్నాను!" అని వాక్యం ముగించారు. "ఇది దగ్గు మందు. స్పష్టంగా రాసి ఉంది. దగ్గు మందు మద్యం నిర్వచనం కిందికి రాదు."

అప్పుడు వెనకనుంచి ఒకాయన దగ్గాడు. ఆ పక్కాయన అందుకున్నాడు. చూస్తుండగానే ఇరవై ఇద్దరికీ కోరింత దగ్గు పట్టుకుంది. విజయకుమారి గారు కూడా శ్రుతి తప్పకుండా దగ్గి హార్మోనియం మూత తీశారు. మైకు గొట్టంలోంచి రెండు, ఒక గుమ్మడికాయ కడుపులోంచి ఒకటి, కరపత్రాల కట్టల నడుమ చేసిన గూళ్ళలోంచి డజన్లకొద్దీ దగ్గు మందు బయటికొచ్చింది. "మీకూ దగ్గేనా అన్నగారూ?" "చిన్నప్పట్నుంచీ బావగారూ!" అంటూ ఒకరినొకరు పరామర్శించుకున్నారు. సంఘంలో అంత ఐకమత్యం అంతకుముందెన్నడూ లేదు.

నాగుల్ మీరా అంతా చూసి నిట్టూర్చాడు. "మంచిదండీ. పేరు మార్చారు. పేరు మారిస్తే బరువు తగ్గదు గదండీ? ఏట్లో వేయండి, బయటపడదాం."

ఎవరూ కదల్లేదు. రోగులు మందు పారేసుకుంటారా?

"నేనే పారేసేవాణ్ణి. నేనది ముట్టనండీ," అన్నాడు సరంగు.

ధనరాజు గారు గంగాదేవి వైపు వంగి నెమ్మదిగా అన్నారు. "పిన్నిగారూ, నరసింహం పర్మినెంటు అయిపోయినట్టే. మొదటి అంశంగా పెట్టిస్తాను. ఆ సీసాలు మాత్రం జాగ్రత్త."

సరంగు కూడా ఆవిడ వైపే తిరిగాడు. "అమ్మా, ఈ లాంచీలో భయమంటే తెలిసినవారు మీరొక్కరే. మీరు ముందు ఒకటి నీళ్ళలో వేయండి. మిమ్మల్ని చూసి సిగ్గుపడైనా మిగతావాళ్ళు వేస్తారు. ఏమంటారు?"

దగ్గులన్నీ ఆగిపోయాయి. అందరూ ఆవిడ వైపు చూశారు, నరసింహం తప్ప. అతను తన చెప్పుల వైపు చూస్తున్నాడు. గాలికి లాంచీ ఒక్కసారి కిర్రుమంది. లాంచీ ఒరిగితే ముందెవరు పడతారో, ఎవరు ఏ ఒడ్డుకు కొట్టుకొస్తారో, ఎవరు అసలు దొరకరో గంగాదేవికి లెక్కగా తెలుసు. చేతిలో మూడు సీసాలున్నాయి. ఒక కొంగ ఇసుక మేట మీద వాలి, అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేసి, చేపను పట్టుకుని మింగి, ఎగిరిపోయింది. నీళ్ళు ఇంకో జానెడు వెనక్కి వెళ్ళాయి.

గంగాదేవి సీసాలను మళ్ళీ బుట్టలో పెట్టి, తగలకుండా మధ్యన తువాలు కుక్కి, కొంగు సర్దుకుని జవాబు చెప్పింది.

"సాయంత్రం పోటు ఎన్నింటికి వస్తుంది బాబూ?"