క్షమించండి, మీ కుక్క మొరుగుతూ ఉండేది

నవ్వితే నవ్వండి, కానీ మొత్తం విన్నాక నవ్వండి. మధ్యలో నవ్వితే నాకు మాట తడబడుతుంది. ఒక భాషలో తడబడేవాణ్ణి, ఇప్పుడు రెండు భాషల్లో తడబడుతున్నాను.

గొడవంతా నా నిద్ర దగ్గర మొదలైంది. నాది బేకరీలో పని. ఊరు దుప్పటి కప్పుకున్నాక నేను పిండి కలుపుతాను. ఊరు మధ్యాహ్నం టీ కాచుకునేటప్పుడు నేను దుప్పటి కప్పుకుంటాను. సరిగ్గా అప్పుడే పక్కింట్లో బిషప్ ప్రసంగం అందుకుంటాడు.

బిషప్ అంటే చర్చిలో ఉండే పెద్దమనిషి కాదు. పక్కింటి మిసెస్ టడ్డెనమ్ గారి కుక్క. కాళ్లు జానెడు, గొంతు మాత్రం ఊరి పొలిమేర దాకా. ఒకసారి మొదలుపెట్టాడంటే ఆమెన్ అనే మాటే ఉండదు.

పోయి నాలుగు దులుపుదామంటే నాకు ఇంగ్లీషు రాదు. ఇంగ్లండు వచ్చి ఏళ్లయింది, అయినా రాదు. బేకరీలో అందరం పోర్చుగీసువాళ్లమే, పిండికి ఏ భాషా అక్కర్లేదు. మా ఆవిడ ఫిలొమేనా స్కూలు వంటశాలలో పనిచేస్తుంది. కూరగాయలు తినని పిల్లలతో పోట్లాడి పోట్లాడి ఇంగ్లీషు గడగడా నేర్చేసింది. డాక్టరు, బ్యాంకు, ఇంటి ఓనరు, ఎవరి దగ్గరైనా ఆవిడే నా నోరు. సొంత నోరు పెళ్లాం దగ్గర ఉన్న మొగుడి బతుకు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

మొదటిసారి కంచె దగ్గర నిలబడి గట్టిగానే చెప్పాను. "చెప్పు ఫిలొమేనా! ఆ కుక్క నోరు మూయించకపోతే, నిన్నటి గట్టి రొట్టె ఒకటి తెచ్చి దాని గొంతులో కుక్కుతానని చెప్పు!"

ఫిలొమేనా చిరునవ్వు నవ్వుతూ ఏదో నాలుగు ముక్కలు చెప్పింది. మిసెస్ టడ్డెనమ్ గుండె మీద చెయ్యి వేసుకుంది. కళ్లు చెమర్చాయి. మర్నాడు కేకు తెచ్చిచ్చింది.

"నేను తిడితే కేకు ఎందుకు తెచ్చింది?" అని అడిగాను.

"సిగ్గుపడి తెచ్చింది. తిను."

రెండోసారి ఇంకా గట్టిగా తిట్టాను. అప్పుడు ఆవిడ కుక్కని తెచ్చి సరిగ్గా మా కంచెకి ఆనించి, నా పడగ్గది కిటికీ కింద కట్టేసింది. మూడోసారి తిట్టాను. ఆవిడ బిషప్‌ని చంకలో పెట్టుకుని మా ఇంటికే వచ్చింది. వాడు నా మొహం అంతా నాకాడు.

"నిజం చెప్పు, నువ్వు ఆవిడకి ఏం చెప్తున్నావు?"

"నువ్వు చెప్పిందే."

"నేను అరగంట అరిస్తే నువ్వు రెండు ముక్కల్లో తేల్చేస్తున్నావు!"

"ఇంగ్లీషు పొదుపైన భాష, అదెలీనో. నీలాగా దుబారా చెయ్యదు."

ఆ క్షణాన నిర్ణయించుకున్నాను. నా తిట్లు నేనే తిట్టుకుంటాను. ఊళ్లో కాలేజీలో పరాయి భాషల వాళ్లకి సాయంత్రం ఇంగ్లీషు నేర్పుతారని తెలుసు. వెళ్లి చేరిపోయాను. ఇంట్లో మాత్రం మన పోర్చుగీసు క్లబ్బులో పేకాటకని చెప్పాను. పేకాటకి వెళ్తున్నానని అబద్ధం చెప్పి చదువుకోడానికి వెళ్లిన మొగుణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మొదటిరోజే క్లాసు తలుపు మీద 'పుష్' అని రాసి ఉంది. పైకి చదువుకున్నాను. మన పోర్చుగీసులో పుష్ అని చెవిన పడితే లాగమనే కదా? లాగాను. రాలేదు. కాలు గోడకి తన్నిపెట్టి లాగాను. లోపలినుంచి రోలందాస్ అనే లిథువేనియా లారీ డ్రైవరు, ఎవరో ఇరుక్కుపోయారు పాపమని తనూ లాగాడు. అతను గెలిచాడు. నేను ఇంగ్లీషు చదువులోకి మోకాళ్ల మీద ప్రవేశించాను.

మా టీచరు మిస్ క్లెగ్. సన్నగా, పెన్సిలులా ఉంటుంది, పెన్సిలులాగే మొనదేలి ఉంటుంది. "మీలో ఒక్కొక్కరూ ఏ అవసరానికి ఇంగ్లీషు నేర్చుకుంటున్నారో చెప్పండి," అంది. ఒకరు ఉద్యోగానికి అన్నారు. రోలందాస్ పోలీసులతో మాట్లాడటానికి అన్నాడు. నేను పక్కింటావిణ్ణి తిట్టడానికి అన్నాను.

మిస్ క్లెగ్ కళ్లు మెరిశాయి. "చాలా మంచి అవసరం! సంభాషణ పాఠానికి ఇదే తీసుకుందాం."

ఇక చూడండి. వారం వారం నా తిట్టు మీద తరగతి అంతా కూర్చునేది. రోలందాస్ మిసెస్ టడ్డెనమ్ పాత్ర కట్టేవాడు. అంత గడ్డంతో చేతులు ముడుచుకుని సిగ్గుపడేవాడు. నేను వేలు చూపించి, "నోరు మూయించు!" అనేవాణ్ణి.

"కాదు, కాదు," అనేది మిస్ క్లెగ్. "మొదట క్షమాపణ చెప్పాలి."

"మొరిగేది ఆవిడ కుక్క. క్షమాపణ నేను చెప్పడమేమిటి?"

"ఇక్కడ తిట్టేవాళ్లే ముందు చెప్తారు. ఐ యామ్ టెరిబ్లీ సారీ. చెప్పండి."

చెప్పాను. తర్వాత 'ఐ వాజ్ వండరింగ్' అనమంది. అనుకుంటూ ఉండేవాణ్ణి అని అర్థమట.

"టీచర్, నేను ఇప్పుడు అనుకుంటున్నాను. కుక్క ఇప్పుడు మొరుగుతోంది. మధ్యలో భూతకాలం ఎందుకొచ్చింది?"

"మర్యాద కోసం. ఎంత వెనక్కి వెళ్తే అంత మర్యాద."

అలా వెనక్కి వెనక్కి తీసుకెళ్లి, పక్కన 'వీలైతే', 'ఒకవేళ', 'కాస్తంత', 'మీకు ఇబ్బంది లేకపోతే' అని అటూ ఇటూ దిండ్లు పేర్చింది. చివరికి నా తిట్టు ఇలా తయారైంది: "నన్ను ఘోరంగా క్షమించండి, ఒకవేళ మీకు వీలయ్యేట్టయితే మీ కుక్క కాస్తంత తక్కువగా మొరిగే అవకాశం ఉండి ఉండేదేమో అని అనుకుంటూ ఉండేవాణ్ణి." అందులో తిట్టు ఎక్కడుందో టార్చిలైటు వేసి వెతికినా దొరకదు.

ఇంట్లో మాత్రం నా రహస్యం భద్రంగా ఉందనుకున్నాను. ఒకరోజు ఫిలొమేనా నాకు ఆకుకూర సూపు వడ్డిస్తూ అడిగింది. "ఇవాళ పేకాటలో ఎవరు గెలిచారు?"

"రోలందాస్."

"మన క్లబ్బులో రోలందాస్ ఎవరు?"

"కొత్తగా చేరాడు. ముక్కలు బాగా పడుతున్నాయి."

"ఆహా. మరి నిద్రలో 'గో, వెంట్, గాన్' అని ఎవరిని తరుముతున్నావు?"

గొంతులో సూపు అడ్డం పడింది. "ఆ... క్లబ్బులోకి పిల్లి వచ్చింది. దాన్నే."

"పాపం పిల్లి," అని ఇంకో గరిటెడు సూపు పోసింది. నమ్మిందనుకుని పొంగిపోయాను. అంత తెలివైన ఆడది అంత తొందరగా నమ్ముతుందా అని ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

ఒక శనివారం ఫిలొమేనా బజారుకి వెళ్లింది. బిషప్ ప్రసంగం మంచి జోరులో ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, జుట్టు దువ్వుకున్నాను. తిట్టడానికి ఇంతగా ముస్తాబై వెళ్లిన మనిషి మా నార్ఫక్ జిల్లాలోనే ఉండడు.

మిసెస్ టడ్డెనమ్ తలుపు తీసింది. ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ముందుగా నేను మంచి పొరుగువాడిగా ఉండాలనుకుంటున్నానని చెబుదామనుకున్నాను. మన భాషలో 'ప్రితెందెర్' అంటే ఉద్దేశించడమే కదా. "ఐ ప్రిటెండ్ టు బీ ఎ గుడ్ నైబర్!" అన్నాను. నేను మంచి పొరుగువాడిగా నటిస్తున్నానని దాని అర్థమని తర్వాత తెలిసింది.

ఆవిడ తెల్లబోయింది. నేను ఆగలేదు. మొత్తం చదివేశాను. క్షమాపణ, భూతకాలం, దిండ్లు, అన్నీ వరసగా వచ్చేశాయి. మిస్ క్లెగ్ వింటే కళ్లనీళ్లు పెట్టుకునేది.

ఆవిడ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "అయ్యో, నాయనా! నీకు ఇంగ్లీషు వచ్చా! దేవుడా, ఎంత ఉపకారం చేశావయ్యా! ఇన్నాళ్లూ నీ భార్య ద్వారా చెప్పించడం నాకెంత ఇబ్బందిగా ఉందో!"

నన్ను సోఫాలో కూర్చోబెట్టింది. టీ పోసింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "ఐ యామ్ టెరిబ్లీ సారీ... ఐ వాజ్ వండరింగ్..."

ఆ మాటల తర్వాత ఏం వస్తుందో ఇంగ్లండు మొత్తంలో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ఆవిడ నన్ను తిడుతోంది!

మెల్లమెల్లగా ఒక్కొక్క దిండూ తొలగించుకుంటూ వెళ్తే లోపల ఉన్నది నా గురక. మధ్యాహ్నం నేను పడుకోగానే గోడలు అదురుతున్నాయట. నేలలోంచి ఏదో జంతువు వస్తోందనుకుని బిషప్ హడలిపోయి మొరుగుతున్నాడట. తిండి కూడా సరిగ్గా తినడం లేదట. ఆవిడ ఈ సంగతి నేను మొదటిసారి కంచె దగ్గరికి వెళ్లకముందే ఫిలొమేనాకి చెప్పిందట.

"నువ్వెంతో బాధపడ్డావని మీ ఆవిడ చెప్పింది," అంది మిసెస్ టడ్డెనమ్. "కంచె దగ్గర నిలబడి చేతులు ఊపుతూ క్షమాపణలు అడిగావు కదా! మీ సొంతూళ్లో మీ కుక్క గుర్తొస్తుందనీ, బిషప్ గొంతు వింటే నీకు అమ్మ ఒళ్లో ఉన్నట్టుంటుందనీ చెప్పింది. అందుకే వాణ్ణి నీ కిటికీ కిందకి మార్చాను. కానీ ఇక వాడికి ఓపిక లేదు, నాయనా."

బిషప్ వచ్చి నా బూటు మీద గడ్డం ఆనించి, అలిసిపోయిన కళ్లతో పైకి చూశాడు. నా లాగానే వాడి కళ్ల కింద కూడా నిద్రలేని సంచులు. ఇద్దరం ఒకరికొకరం నిద్ర చెడగొట్టుకుంటున్నామన్నమాట. తల నిమిరాను. "సారీ," అన్నాను. ఈసారి ఏ దిండూ పెట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి ఫిలొమేనా ఉప్పుచేప నీళ్లలో నానబెడుతోంది.

"నా గురక గురించి నాకెందుకు చెప్పలేదు?"

"పెళ్లయిన మర్నాటి నుంచీ చెప్తున్నాను. పోర్చుగీసులోనే చెప్పాను. నీకు అదీ రాదని తెలిసింది."

"మరి నేను తిడితే ముద్దు మాటలు చెప్తావా?"

"నువ్వు తిట్టింది తిట్టినట్టు, ఆవిడ అన్నది అన్నట్టు అందించి ఉంటే ఈపాటికి కంచె తగలబడేది. నేను చెప్పినట్టు చెప్తే కేకు వచ్చింది. తిన్నావా లేదా?"

తిన్నాను. అదీ నిజమే.

ఆ రోజే పడక వెనక గదిలోకి మార్చుకున్నాను. అటువైపు గోడకి అవతల ఎవరూ లేరు. బిషప్ మొరగడం మానేశాడు, నేను హాయిగా నిద్రపోతున్నాను. కథ ఇక్కడితో సుఖంగా ముగిసిందని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను.

సోమవారం మా బాయిలరు చెడిపోయింది. ఫిలొమేనా ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకెందుకు?"

"మిసెస్ టడ్డెనమ్ నీ ఇంగ్లీషు గురించి వీధంతా పొగుడుతోంది. నువ్వు కాలేజీకి వెళ్తున్నావని మొదటివారమే తెలుసు. మధ్యలో ఆపేస్తావేమోనని భయపడి నోరెత్తలేదు. ఇన్నేళ్లుగా నీ నోరు మోసి మోసి నా దవడలు అరిగిపోయాయి, అదెలీనో. బాయిలరు, బ్యాంకు, ఓనరు, అన్నీ ఇక నీవే."

బాయిలరు బాగుచేసేవాళ్లకి ఫోను కలిపాను. అవతలివాడు నా మాట అంతా విని, "బేర్ విత్ మీ," అన్నాడు. కాస్త ఓపిక పట్టమని దాని అర్థమట, ఆ సంగతి అప్పుడు నాకేం తెలుసు? నాకు తెలిసిన బేర్ ఒక్కటే, ఎలుగుబంటి. తన దగ్గర ఎలుగుబంటి ఉందంటాడేమిటి? బాయిలరు బాగుచెయ్యడానికి దాన్ని పంపిస్తాడా?

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి గుసగుసగా పిలిచాను. "ఫిలొమేనా! తల్లీ! ఒక్క నిమిషం రావూ?"

ఆవిడ అప్పటికే కోటు తొడుక్కుని గుమ్మంలో ఉంది. పక్కింట్లో టీకి పిలిచారట. వెనక్కి తిరిగి, ఎంత అమాయకంగా మొహం పెట్టిందనుకున్నారు!

"నాకు ఇంగ్లీషు రాదు," అని తలుపు వేసుకుని వెళ్లిపోయింది.