మామగారు ఎక్కిన ర్యాలీ

అది పంచాయతీ ఎన్నికల వేసవి. ప్రొద్దుటూరు వకీలు జనార్దనానికి మాత్రం ఆ ఉదయం వేరే ధ్యాస లేదు. ర్యాలీ అనే కార్ల పందెంలో తన బుల్లి కారును జమ్మలమడుగు మీదుగా పులివెందుల చేర్చాలి. దాని ఇంజను బలమంతా ముందు చక్రాలకే. ఇలాంటి తేలిక కార్లు విదేశాల్లో పెద్ద కార్లను మట్టి కరిపిస్తున్నాయని చదివి మురిసిపోయేవాడు.

"మా నాయన దీన్ని సబ్బుపెట్టె అంటాండారు. ఈ పొద్దు పులివెందుల చేరకుంటే అమ్మేయాల" అంది భార్య అనసూయ, దారి చెప్పడానికి పక్కన కూర్చుంటూ. ప్రాణం ఉసూరుమన్నా జనార్దనం సరేనన్నాడు.

ఆవిడే ముందురోజు బస్సు కండక్టరుతో జమ్మలమడుగులోని పుట్టింటికి కబురంపింది, "మీ అల్లుడు ర్యాలీలో వస్తాండారు" అని. జమ్మలమడుగులో ర్యాలీ అంటే ఓట్ల ఊరేగింపే. పింఛను పుచ్చుకుంటూ తోచక కూర్చున్న మామ గురురాజారావుకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఊరి మొగదలలో డప్పులు, దండలు. కారు ఆగక తప్పలేదు.

"ఇది పందెం మామా! నిలబడితే ఓడిపోతా!"

"అట్ల అధైర్యపడితే ఎట్లప్పా? నిలబడినోడే గెలిచేది!" అంటూ మామగారు డిక్కీ మీదికెక్కాడు. డప్పుల సర్దార్, అతని తమ్ముడు చెరోపక్క ఎక్కారు.

ఊరు దాటి పెన్న ఏటి ఇసుకలో దిగగానే కారు ముక్కు పైకి లేచింది. ముందు చక్రాలు ఇసుక చిమ్ముతూ ఉన్నచోటే తిరిగాయి. ఇక కారు అమ్మేయాల్సిందేనని జనార్దనం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దిగండి మామా!"

"ఊరేగింపులో దిగితే పరువేమైతాది?"

"అయితే ముందుకొచ్చి కూచోండి నాయనా, అందరికీ కనపడతారు!" అంది అనసూయ.

సర్దార్ సోదరులు దిగిపోయారు. మామగారు కండువా మడిచి వేసుకుని బానెట్ మీద ఆసీనుడయ్యాడు. ఆ బరువుకు చక్రాలు ఇసుకను పట్టుకున్నాయి. కూరుకుపోయిన పెద్ద కార్ల వాళ్ళందరికీ ఆయన దండాలు పెడుతుంటే, బుల్లి కారు వాళ్ళను దాటిపోయింది.

పులివెందులకు మొదట చేరింది అదే. "కారు లోపల ఇద్దరే ఉండాల" అని అధికారి అడ్డుచెప్పాడు.

"లోపల ఇద్దరమే సార్. ఆయన బయట" అన్నాడు వకీలు. కప్పు చేతికొచ్చింది.

"నువ్వు నిలబడనంటాండావు గదా, నేనే నిలబడతా" అన్నాడు మామగారు. అదే కారు బానెట్ మీద ఊరంతా తిరిగి ఓట్లడిగి, గెలిచాడు కూడా.

అలా కారు అమ్మడం తప్పింది. కాకపోతే కోర్టుకు వెళ్ళాల్సిన రోజున, జనార్దనం ప్రెసిడెంటు గారి ఇంటికి పోయి దాన్ని అడిగి తెచ్చుకుంటున్నాడు.