దవడ పట్టేసిన వీరదుర్గ

ఎదుటి మనిషి దవడ కీలు పట్టేయడమంత మేలైన సంగతి ఈ లోకంలో ఇంకొకటి లేదు! కంగారుపడకండి. నేను డాక్టర్ని కాను. ఆదివారం పూట సంచీ పట్టుకుని కాకినాడ హార్బరుకెళ్ళే మామూలు మనిషిని. కళ్ళారా చూసిందీ, చెవులారా విన్నదీ చెబుతున్నాను.

మా హార్బరులో వీరదుర్గ అని ఒకావిడ ఉంది. పడవలు తెచ్చిన చేపల్ని కుప్పలు పోయించి వేలంపాట పాడుతుంది. ఆవిడ గొంతెత్తితే బోటు ఇంజన్ కూడా వినపడదు. ఒక ధర అనుకుని వచ్చిన వ్యాపారి చేత ఇంకో నాలుగు మెట్లు ఎక్కించి గాని వదలదు. పాపం, వ్యాపారులకు అంతకంటే నరకం ఉంటుందా?

అంత గొంతున్న మనిషీ నవ్వాలంటే మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పళ్ళు ఎగుడుదిగుడు. సరిచేయించుకుందామని ఊళ్ళో ఒక ఏసీ క్లినిక్కుకు వెళ్ళింది.

“నోరు పెద్దగా తెరిస్తే చెవి దగ్గర టక్కుమంటందండి. పొద్దున్న లేచేసరికి దవడ లాగేస్తందండి,” అని ముందే చెప్పుకుంది.

“పళ్ళు సరైతే అన్నీ అవే సర్దుకుంటాయమ్మా. నోరు తెరువు,” అన్నారు డాక్టరుగారు.

క్లిప్పులు పడ్డాయి. తీగ బిగించినప్పుడల్లా వీరదుర్గ చెవివైపు వేలు చూపించి ఏదో చెప్పబోయేది. నోట్లో ఒకపక్క అద్దం, ఇంకోపక్క పైపు! మాటెలా వస్తుంది? డాక్టరుగారి పని ఎంత సాఫీగా సాగిపోయిందో చూడండి!

ఒకరోజు వేలం మంచి ఊపులో ఉండగా దవడ పట్టేసింది. నోరు రెండు వేళ్ళ సందుకు మించి తెరుచుకోలేదు. చెంప పట్టుకుని, ఆగమని చెయ్యి ఊపింది. వ్యాపారులు ఆ ఊపుడును పాట ముగిసిందని అర్థం చేసుకుని, వంజరాల కుప్ప అడిగిన ధరకే ఎత్తుకుపోయారు. ఆహా, హార్బరులో ఎంత ప్రశాంతత!

ఇంట్లోనూ లాభమే. జంతికల డబ్బా జంతికలతోనే ఉంది. మూడు పూటలా జావే కాబట్టి వంట కలిసొచ్చింది. అసలీ జబ్బు అందరికీ వస్తే ఎంత బాగుంటుంది! టీవీ చర్చలుండవు. అపార్ట్‌మెంట్ మీటింగులుండవు. పెళ్ళిలో మైకు అందుకున్న బాబాయిని దించడానికి నలుగురు మనుషులక్కర్లేదు!

కానీ ఇలాంటి సుఖాన్ని ఓర్వలేనివాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ ఇంట్లో అత్తగారు, అప్పాయమ్మ. కోడలితో రోజూ వాదనేసుకునే మనిషికి హాయిగా ఉండాలా, వద్దా? ఆవిడేమో జావగ్లాసు పట్టుకుని ఏడ్చింది.

“నువ్విలా నోరు మూసుకుని కూకుంటే నాకు ముద్ద దిగట్లేదే! లెగు, రాజమండ్రి పోదాం,” అని బస్సెక్కించింది.

అక్కడ డాక్టర్ ఆశాజ్యోతి అని ఒకావిడ. పనిముట్లు పక్కన పెట్టి, ముందు చెప్పమంది. పళ్ళ సందులోంచి వీరదుర్గ మాట ఒక్కొక్కటే వస్తుంటే అలాగే కూర్చుని వింది. తర్వాత రెండు చెవుల ముందూ వేళ్ళు ఆనించి, కీలు ఎలా కదులుతోందో చూసింది.

“కీలు నొప్పి తగ్గకుండా పళ్ళు కదపకూడదమ్మా. ముందు తీగల పని ఆపుదాం,” అంది.

పళ్ళ మీద తొడుక్కోవడానికి ఒక ప్లాస్టిక్ ప్లేటు ఇచ్చింది. మెత్తటి తిండి, దవడకు చిన్న చిన్న కసరత్తులు. కొన్ని నెలలకు నొప్పి తగ్గి, నోరు తెరుచుకుంది. అప్పుడు గాని తీగలు మళ్ళీ మొదలుపెట్టలేదు, అవీ మెల్లగా.

మొన్న వెళ్ళేసరికి వీరదుర్గ మళ్ళీ పాడుతోంది. వ్యాపారుల మొహాలు చూడలేకపోయాను!

“ఏం మందిచ్చిందమ్మా ఆ డాక్టరమ్మ?” అనడిగాను.

“మందు తర్వాతండి బాబుగారూ. నేను చెప్పేదంతా అయ్యేదాకా ఆవిడ నా నోట్లో అద్దం పెట్టలేదండి!” అని చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.

కాబట్టి మిగతా డాక్టరుగార్లకు నాదొక్కటే మనవి. పేషెంటు దవడ పట్టేసి ఉన్నంతకాలం మీకే ఇబ్బందీ లేదు. పొరపాటున వదిలిందో, మీ చెవులకు పని పడుతుంది!