ఖాళీ ఆకుల కుప్ప

ఒక పెద్ద అడవిలో, పెద్దదన్న మాటే గానీ, ఆ వేసవికి తాగడానికి మిగిలింది ఒకే ఒక్క మడుగు. రాత్రంతా ఊరిన నీళ్ళు మధ్యాహ్నానికల్లా అయిపోయేవి. తోపులాటలో బలం లేనివాళ్ళకి బురదే దక్కేది.

మృగరాజు నీటి శాఖ పెట్టి ముంగిస పాపయ్యను కార్యదర్శిని చేశాడు. పాపయ్య వస్తూనే చట్టం తెచ్చాడు. ప్రతి జంతువూ రోజూ మోదుగాకు మీద తానెవరో ముల్లుతో గీసి, లెక్కలు చూసే చీమల గుహలో ఇవ్వాలి. ఏ గుంపు పెద్దదైతే ఆ గుంపుకి తొలి వంతు. గుంపులో అందరూ సమానంగా తాగాలి.

వినడానికి న్యాయంగానే ఉంది. అన్యాయం మొదట ఎప్పుడూ అలాగే వినిపిస్తుంది.

అడవిలో జింకలు తొంభై, ముంగిసలు నలభై. పాపయ్య తన వాళ్ళను చాటుకి పిలిచాడు. "అందరూ 'ముంగిస' అని ఒకే మాట గీయండి. సొంత తెలివి ఎవడూ వాడొద్దు," అన్నాడు. మిగతా అడవికి మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళదని చాటింపు వేయించాడు.

జింకల పెద్ద తిరుపాలమ్మ, నాలుక పిడచకట్టిన పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది.

"బాబూ, ఎవరికి తోచింది వాళ్ళు గీస్తే మా మంద చీలిపోదా? ఏం గీయాలో నువ్వే ఒక మాట చెప్పరాదూ?"

"చెప్తే నియంతృత్వం అవుతుందమ్మా. మాది స్వేచ్ఛ గల శాఖ. ఆకు నింపినా పుచ్చుకుంటాం, నింపకపోయినా పుచ్చుకుంటాం."

"స్వేచ్ఛ తాగితే దాహం తీరుతుందా నాయనా?"

"పక్కకి జరుగమ్మా, వెనక చాలామంది ఉన్నారు."

జింకల్లో కొందరు 'జింక' అని గీశారు. కొందరు 'చుక్కల జింక' అన్నారు. ముసలివాళ్ళు 'దుప్పి' అన్నారు. కుర్రకారు 'లేడి' అన్నారు. ఒకడైతే 'తిరుపాలమ్మ గారి తాలూకు' అని గీశాడు.

పాపయ్య గుహ బయటే నీడన కూర్చుని చీమల మేస్త్రీకి ఆజ్ఞ ఇచ్చాడు. "ఆకులు నా దగ్గరికి మోసుకురావద్దు. లోపలే, ఒకే మాట ఉన్నవన్నీ ఒక కుప్ప పోయండి. పెద్ద కుప్ప మొదలుకుని లెక్కలు మాత్రం చెప్పండి."

"ఒకే మాటంటే మాటేనా అయ్యా, అర్థం కూడా చూడాలా?"

"మాటే. అర్థాలతో మీకేం పని?"

"చిత్తం."

కాసేపటికి మేస్త్రీ బయటికొచ్చింది. పాపయ్య మీసం సవరించుకున్నాడు.

"మొదటి కుప్ప, నూట ఇరవై. పేరు ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడం ఏమిటి?"

"ఖాళీ ఆకులండీ. ఖాళీ, ఖాళీ ఒకటే కదా. ఒక కుప్పలో పడ్డాయి. రెండోది ముంగిస, నలభై. జింకలు అయిదు కుప్పలు, చిల్లర."

ఆ నూట ఇరవైలో బద్ధకించిన పందులున్నాయి. 'మేమెవరో ఎవరికి తెలియదు' అనుకున్న అడవిదున్నలున్నాయి. పగలు నిద్రపోయిన గుడ్లగూబలున్నాయి. 'నేనెవరో నేనే గీసుకోవాలా' అని ఆకు విసిరికొట్టిన మృగరాజూ ఉన్నాడు. ఆ కుప్పను కొట్టేయమనే ధైర్యం పాపయ్యకి లేకపోయింది.

చట్టం చట్టమే. మృగరాజు పంది వెనక వరుసలో నిలబడి తన వంతు తాగాడు. దున్నలు దిగి లేచేసరికి మడుగు అడుగు కనిపించింది. ముంగిసలకి బురద దక్కింది. తిరుపాలమ్మ పిల్లకి తడిసిన రాయి దక్కింది. అది నాకుతుంటే ఆ తల్లి చూడలేకపోయింది.

ఆమె తిన్నగా మందలోకి నడిచింది. "రేపు ఎవరైనా ఆకు మీద గీత గీశారో, నా కొమ్ములు లేని తలతోనే కుమ్ముతాను," అంది.

మర్నాడు జింకలన్నీ ఖాళీ ఆకులిచ్చాయి. అది చూసి కుందేళ్ళూ ఇచ్చాయి. బురద తాగిన ముంగిసలూ ఇచ్చాయి. పాపయ్య సొంత తమ్ముడూ ఇచ్చాడు.

మేస్త్రీ బయటికొచ్చింది. "రెండే కుప్పలండీ. ఒకటి ఖాళీ. అందులో అడవంతా ఉంది."

"రెండోది?"

"ఒక్క ఆకు. 'శ్రీ ముంగిస పాపయ్య, కార్యదర్శి, నీటి శాఖ'."

ఆ రోజు అడవంతా ఒకే గుంపుగా సమానంగా తాగింది. ఎవరికీ కడుపు నిండలేదు. ఎవరూ చావలేదు. తిరుపాలమ్మ పిల్ల మృగరాజు పక్కనే మూతి పెట్టి తాగింది.

పాపయ్య సాయంత్రం దాకా వరుస చివర నిలబడ్డాడు. పక్కకి జరగమనడానికైనా వెనక ఎవరూ లేరు.

నీతి: సర్కారు వారి ఆకు మీద అన్నీ గీసినవాడు ఒంటరి, ఏమీ గీయనివాడిదే మెజారిటీ.