ముప్పై ఏడో సైజు స్కేట్ల దేశాటన

ఈ కరోనా ఏడాదిలో మానవజాతికి నిజంగా మేలు చేసినవి రెండే రెండు. ఒకటి సబ్బు, రెండోది స్కేట్లు. సబ్బు గురించి ఇప్పటికే అందరూ రాసేశారు. స్కేట్ల గురించి రాయడం నా బాధ్యత అనుకుని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

స్కేట్లంటే ఇక్కడ ఇన్‌లైన్ స్కేట్లు. బూటు అడుగున నాలుగు చక్రాలు రేషన్ షాపు ముందు జనంలా ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. మార్చిలో జిమ్‌లు మూతపడగానే జర్మనీలోని మా కార్ల్స్‌రూహె ఊరు ఊరంతా ఈ బూట్లెక్కింది. అప్పటినుంచి ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ళకు దారి లేదు. కుక్కల్ని తిప్పేవాళ్ళు పళ్ళు నూరుతున్నారు. ఈ చక్రాల బెడద ఎప్పుడు వదులుతుందని పేపర్లకు ఉత్తరాలు రాస్తున్నారు.

బెడదా? ఎంత మాట!

నేను మాట తూలే మనిషిని కాను. నర్సంపేటలో మా ఇంట మొదటి డిగ్రీ నాదే. అందుకని ఏ పనైనా సూచనల పుస్తకం మొత్తం చదివాకే మొదలుపెడతాను. స్కేట్లతో పాటు వచ్చిన పుస్తకం నలభై ఎనిమిది పేజీలు, అంతా జర్మనే. రెండు సాయంత్రాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. మొదటి అధ్యాయం ఏమిటో తెలుసా? "పడటం ఎలా". ఎంత నిజాయితీ! ఒకటో తరగతి నుంచి ఎమ్మెస్ దాకా నేను చదివిన ఏ పుస్తకమూ ఇలా మొదలవలేదు.

ఇక లాభాలు చూడండి. మనిషికీ మనిషికీ మధ్య మీటరున్నర దూరం ఉండాలని ప్రభుత్వం గోడలన్నిటి మీదా బొమ్మలు అంటించింది. ఎవరు విన్నారు? అదే, కొత్తగా స్కేటింగ్ నేర్చుకునేవాణ్ణి ఒక్కణ్ణి బాట మీద వదలండి. మీటరున్నర కాదు, పది మీటర్ల దాకా మనిషి కనపడడు! తల్లులు పిల్లల్ని ఎత్తుకుని గడ్డిలోకి దూకేస్తారు. నా ఒక్కడి వల్ల మా వీధిలో ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో లెక్క తీసిన నాథుడు లేడు.

రెండో లాభం పరిచయాలు. రెండేళ్ళుగా ఒకే బిల్డింగ్‌లో ఉంటున్నా మా పక్కింటి ముసలావిడ నాకు హలో చెప్పింది లేదు. మొన్న ఏప్రిల్‌లో సరిగ్గా ఆవిడ కిటికీ కింద వెల్లకిలా పడ్డాను. కిటికీ తెరుచుకుంది. "మోకాళ్ళు వంచు బాబూ, మోకాళ్ళు!" అని అరిచింది. నా పేరు అడిగింది, మర్నాడు మోచేతికి మందు తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఈ దేశంలో మనుషులతో కలవాలంటే భాష నేర్చుకోవాలని అందరూ అంటారు. నా అనుభవంలో పడటం నేర్చుకుంటే చాలు.

మూడోది హోదా. హెల్మెట్టు, మోచిప్పలకు కవచాలు, మణికట్లకు పట్టీలు బిగించుకుని వీడియో కాల్‌లో కనపడితే మా అమ్మ, "పోలీసు కొలువొచ్చిందారా?" అని కళ్ళు తుడుచుకుంది. కాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఇంతటి మేలు నాకొక్కడికే దక్కితే ధర్మమా? నాకు పెళ్ళయింది. అందుకే మొదట్లోనే రెండు జతలు తెప్పించాను. నలభై మూడో సైజు నాకు, ముప్పై ఏడో సైజు ఆండాళ్‌కు.

ఆండాళ్ మా ఆవిడ. నర్సంపేటలోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్. మా పెళ్ళి ఫిబ్రవరి తొమ్మిదిన జరిగింది. మార్చి ఒకటిన నేను డ్యూటీకి వచ్చేశాను. తను వెనకాలే రావాలి. భర్త దగ్గరికి రావాలంటే జర్మన్ భాషలో మొదటి మెట్టు, అంటే ఏ-వన్ పరీక్ష పాసై ఉండాలి. అది పెళ్ళికి ముందే, జనవరి ఇరవై రెండునే పాసైంది! ఇక వీసా కౌంటర్‌లో కాగితాలు ఇవ్వడానికి ఒక టెర్మిన్, మన మాటల్లో అపాయింట్‌మెంట్, దొరకడమే తరువాయి. అంతలో కౌంటర్ మూతపడింది.

ఎన్నాళ్ళు మూస్తారులే, ఎండాకాలానికల్లా వచ్చేస్తుంది అనుకున్నాను. సైజు కొలవడానికి పాదం గీసి పంపమంటే, లెక్కల టీచర్ కదా, గ్రాఫ్ కాగితం మీద గీసి పంపింది. సెంటీమీటర్లు, మిల్లీమీటర్లతో సహా! ఆ కాగితం ప్రింటు తీసి స్కేట్ల పెట్టె మూతకు లోపల అంటించాను.

ఎండాకాలం వచ్చింది, పోయింది. ప్రతి ఆదివారం ఆ పెట్టె తెరిచి ఎనిమిది చక్రాలూ ఒక్కోసారి తిప్పి, బేరింగులకు చుక్క నూనె వేసి మూసేవాణ్ణి. మా నాన్నది సైకిల్ షాపు. వాడకుండా వదిలేసిన చక్రం బిగుసుకుపోతుందని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

నవంబర్‌లో మళ్ళీ హోటళ్ళు, జిమ్‌లు మూసేశారు. మా టీమ్ లీడ్ జిల్కె గారికి ఇంట్లో ఊపిరాడలేదు. చాలా మంచి మనిషి. నా ప్రొబేషన్ రిపోర్టులో నా గురించి ఒక్క చెడ్డమాట రాయలేదు. లాప్‌టాప్ పట్టుకుని ఐదు వారాలు బార్బడోస్ దీవికి వెళ్ళి అక్కణ్ణుంచే పని చేస్తానని ప్రకటించారు. దాన్ని "వర్కేషన్" అంటారట. మనకు బార్బడోస్ అంటే ఏమిటి? రేడియో చెవికి ఆనించుకుని, మనవాళ్ళ వికెట్లు పడుతుంటే గుండె పట్టుకుని విన్న కామెంటరీ. అలాంటిచోటికి ఆవిడ సరదాగా పోతున్నారు!

అక్కడ స్కేటర్ల గుంపు ఒకటి ఉందట. సముద్రపుటొడ్డున స్కేటింగ్ చేయాలని ఆవిడ కోరిక. కానీ ఆవిడ స్కేటు బకిల్ విరిగింది. ఊళ్ళో ఏ షాపులోనూ స్టాకు లేదు.

"వీరా, మీ ఆవిడవి ముప్పై ఏడు కదా?" అని మీటింగ్ అయ్యాక అడిగారు. ఎప్పుడో మాటల్లో నేనే చెప్పాను.

"అవునండీ."

"తను ఈ నెలలో రావడం లేదు కదా?"

ఇక్కడి మనుషుల్లో నాకు నచ్చే గుణం ఇదే. విషయం సూటిగా అడుగుతారు. నేనూ సూటిగా, "లేదండీ" అన్నాను.

నా రూమ్మేట్ జైద్ హైదరాబాద్ మనిషి. నేను పెట్టె ప్యాక్ చేస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాడు.

"అరే వీరూ భాయ్, బీవీ బూట్లు దీస్కపోయి బాస్‌కిస్తున్నవా? కమాల్ జేసినవ్ పో!"

"అరువుకే కదా. వాడకపోతే బేరింగులు పాడైతాయి."

"బేరింగులా? భాభీకి జెప్పినవా మరి?"

చెప్పాను పాఠకులారా, నేను ఇంట్లో ఏదీ దాచను. ఆండాళ్ ఫోన్‌లో, "పోనియ్యుండ్రి. నేను, ఆ బూట్లు, ఇద్దరిట్ల ఒకరన్న లోకం తిరిగి రావాలె గద" అంది. ఎంత ఉదారబుద్ధి!

ఆ తర్వాత ఐదు వారాలూ మా టీమ్ జీవితం సుఖమయమైపోయింది. మాకు మధ్యాహ్నం రెండు, జిల్కె గారికి ఉదయం తొమ్మిది. బయట మాకు వాన, తెర మీద ఆవిడ వెనక నీలి సముద్రం. అది కంప్యూటర్ పెట్టిన బొమ్మేమో అనుకున్నాం. ఒకరోజు ఆ బొమ్మలోంచి ఒక కోడిపుంజు నడుచుకుంటూ పోయింది. అప్పుడు అందరం నమ్మి చప్పట్లు కొట్టాం.

ప్రతి సోమవారం పది నిమిషాలు ఫొటోలు. ఇలాంటివి చూస్తే కొందరికి కడుపు మండుతుందట. నాకు మాత్రం ఎంత విజ్ఞానం! ఆదివారం సాయంత్రాలు అక్కడ ఒక సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో స్కేటర్లు చేరతారు. పెద్ద స్పీకర్ పెట్టి పాటలు వేస్తారు. రొట్టెల వ్యాన్ నడిపే ఒక పెద్దాయన వాళ్ళకు గురువు. అరవై దాటిన మనిషి, వెనక్కి వెనక్కి వెళుతూ మొక్కజొన్నపొత్తు తింటాడు! రోడ్డుకు గుంతలు ఉన్నచోట అందరూ చేతులు పట్టుకుని గొలుసులా దాటతారు. కొత్తవాళ్ళు పడితే నవ్వి, లేపి, కొబ్బరినీళ్ళు ఇస్తారు.

ఆ ఫొటోలన్నీ ఆండాళ్‌కు పంపేవాణ్ణి. ఆమె మనుషుల మొహాలు చూసేది కాదు, బూట్లు చూసేది.

"ఎడమదానికి గీత వడ్డదా?"

"కొంచెం."

"సముద్రమెట్లుందట?"

"బాగుందట."

"ఆహా. వాటి కండ్లల్ల మన్ను వడకుండ జూస్కొమ్మని జెప్పుండ్రి."

ఇంకో విషయం గమనించాను. స్కేట్ల ప్రయాణం ఎంత సులువో చూడండి! దరఖాస్తు లేదు, టెర్మిన్ లేదు. పెళ్ళి ఫొటోలు చూపించమని అడగలేదు. మీ ఇద్దరికీ పరిచయం ఎలా అయింది అని ప్రశ్న లేదు. జర్మన్ భాషలో ఒక్క ముక్క రాకపోయినా ఎవరూ ఏమీ అనలేదు. ముక్కులో పుల్ల పెట్టలేదు. క్రీడా సామగ్రి అని ఒక చీటీ కట్టి బెల్టు మీద వేశారు, అంతే, అట్లాంటిక్ దాటేశాయి. విమానాశ్రయంలో ప్రయాణానికి కారణం అడిగితే జిల్కె గారు "మానసిక ఆరోగ్యం" అన్నారట. అవతలివాళ్ళు తల ఊపారట. ఎంత మానవత్వం!

ఆండాళ్ మానసిక ఆరోగ్యం అయితే దివ్యంగా ఉంది. ఆన్‌లైన్ క్లాసులు అయ్యాక రోజూ జర్మన్ పాఠం చదువుతుంది, మర్చిపోకుండా. మొదటి పాఠంలో మొదటి క్రియ "వచ్చుట". నేను వస్తాను, నువ్వు వస్తావు, ఆమె వస్తుంది. పది నెలలుగా ఆమె వస్తూనే ఉంది. నేను ప్రతి ఉదయం టీ పెట్టుకుంటూ అపాయింట్‌మెంట్ పేజీ తెరుస్తాను. కౌంటర్ ఎప్పుడో మళ్ళీ తెరిచారు. కానీ ముందు ఆగిపోయినవాళ్ళంతా వరసలో ఉన్నారు. పేజీ మీద రోజూ అదే మాట, "ప్రస్తుతం ఖాళీలు లేవు". ప్రస్తుతం అన్న మాటలో ఎంత మర్యాద ఉందో గమనించారా?

ఒక చిన్న ఇబ్బంది మాత్రం ఉంది. ఏ-వన్ సర్టిఫికెట్ పాసైన రోజునుంచి ఏడాది లోపలే ఇవ్వాలట. అంటే వచ్చే జనవరి ఇరవై రెండు. అది దాటితే మళ్ళీ పరీక్ష రాయాలి. పరీక్షకూ టెర్మిన్ కావాలి. దానికీ ప్రస్తుతం ఖాళీలు లేవు.

మొన్న డిసెంబర్ రెండోవారంలో జిల్కె గారు తిరిగొచ్చారు. నల్లబడి, నవ్వుతూ, ఆరోగ్యంగా ఉన్నారు. స్కేట్లు పెట్టెతో సహా మా గుమ్మం ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి థాంక్స్ చెప్పారు. పైన ఒక రమ్ కేకు కూడా పెట్టారు. మంచి మనిషి అన్నాను కదా!

చక్రాల్లో ఇసుక. తిప్పితే కిరకిరమంటున్నాయి. బేరింగులన్నీ ఊడదీసి గిన్నెలో కడుగుతుంటే ఆండాళ్ ఫోన్ చేసింది.

"వచ్చినయా?"

"వచ్చినయి."

"చూపియ్యుండ్రి."

ఫోన్ గోడకు ఆనించి, బూట్లు రెండూ ఎత్తి పట్టుకున్నాను. ఎడమదాని మీద గీత ఉంది. మడమ దగ్గరి బ్రేకు రబ్బరు సగం అరిగింది. పెట్టె పిడికి విమానం చీటీ ఇంకా వేలాడుతోంది. మూత లోపల గ్రాఫ్ కాగితం మాత్రం అలాగే ఉంది.

"ఆ చీటీ దగ్గరికి వట్టుండ్రి." పట్టాను. అక్షరం అక్షరం చదివింది. లెక్కల టీచర్ కదా, తొందరపడదు.

"పోనూ రానూ నాలుగు విమానాలెక్కినయి" అంది. "సముద్రం జూసినయి. దీవి జూసినయి. మీ ఇల్లు గూడ నాకంటె ముందు జూసినయి."

వెనకనుంచి జైద్ నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి పోయాడు. నేను ఏదో అనబోయాను.

"నేనేమంటలేనండి. ఒక్క పని జెయ్యుండ్రి. ఈసారి దరఖాస్తు వాటి పేరు మీద వెయ్యుండ్రి. నేను వాటికి డిపెండెంట్‌గ వస్త."

నేను ఆలోచించి చూశాను పాఠకులారా. మాటలో న్యాయం ఉంది. మా ఇంట మొదటి డిగ్రీ నాది, ఫారం నింపడంలో నాకు ఇంతవరకు తప్పు పోలేదు. ఆ రోజే బేరింగులు ఆరబెట్టి, నల్ల సిరా పెన్నుతో, విడివిడి అక్షరాల్లో నింపాను.

దరఖాస్తుదారు: ఇన్‌లైన్ స్కేట్లు, ఒక జత, ముప్పై ఏడో సైజు. ఇదివరకటి విదేశీ ప్రయాణాలు: ఉన్నాయి, ఫొటోలు జతపరచడమైనది. జర్మన్ భాషా పరిజ్ఞానం: అడగలేదు. ప్రయాణ కారణం: మానసిక ఆరోగ్యం. ఆధారపడి వెంట వచ్చువారు: ఆండాళ్, బి.ఎస్సీ., బి.ఎడ్., జర్మన్ ఏ-వన్, జనవరి ఇరవై రెండు వరకు మాత్రమే.